చీమల్ని చూడటం, సేకరించడం: ఒడిశా సరిహద్దు తెలుగువాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, కొరాపుట్ వైపు ఉండే తెలుగువాళ్ళ కోసం రాసిన పేజీ ఇది. చీమల మీద ఇష్టం ఉండి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివాళ్ళు అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఉన్నాయి. పెద్ద చదువులు అక్కర్లేదు. ఓపిగ్గా ఒక చోట కూర్చోగలిగితే చాలు.

అందరూ పక్షుల్ని చూస్తారు కదా, చీమల్లో చూడటానికి ఏముంది?

పక్షి మనల్ని చూసి ఎగిరిపోతుంది. చీమ పక్కన గంటసేపు కూర్చున్నా దాని పని అది చేసుకుంటూనే ఉంటుంది. వేట, దొంగతనం, యుద్ధం, వలస, పిల్లల పెంపకం అన్నీ మన పెరట్లోనే జరుగుతాయి. 2016లో వెలువడిన జాబితా ప్రకారం మన దేశంలో 100 ప్రజాతుల్లో (దగ్గరి చుట్టరికం ఉన్న జాతుల గుంపుల్లో) 828 రకాల చీమలున్నాయి. అందులో జాతులతో పాటు ఉపజాతుల లెక్క కూడా ఉంది.

ఇంకో కారణం నాకు ముఖ్యమైనది. చీమల మీద పశ్చిమ కనుమల్లో జరిగినంత పని తూర్పు కనుమల్లో జరగలేదు. మహేంద్రగిరి పాదాల దగ్గర ఊళ్ళో ఉండేవాళ్ళు తేదీ, స్థలం, ఫొటోలతో జాగ్రత్తగా రాసిపెట్టుకున్న నోట్సు రేపు పరిశోధకులకు పనికొస్తుంది. కాబట్టి ఈ పేజీలో సేకరణ అన్నప్పుడల్లా మొదట ఆ నోట్సునే ఉద్దేశిస్తున్నాను. సీసాలో వేసుకునే చీమ దాని తర్వాతే.

ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇంటి గుమ్మం దగ్గర. తర్వాత పెరడు, వీధి చివర వేపచెట్టు, పొలం గట్టు. ఒక కాగితం మీద చిటికెడు బెల్లం, ఇంకో కాగితం మీద వేయించిన చేపముక్క, మూడోదాని మీద వేరుశనగ పలుకు పొడి పెట్టండి. ఏ తిండి చీమలకు ముందు దొరికింది, ఎవరు వచ్చారు, ఎవరు ఎవరిని తరిమారు చూడండి. మొదట వచ్చిన చీమకు ఆ తిండి చివరిదాకా దక్కడం అరుదు. పొడుగు కాళ్ళ చీమలు పరుగున వచ్చి ముందు కనుక్కుంటాయి, కాసేపటికి చిన్నవి గుంపుగా వచ్చి ఆక్రమిస్తాయి.

ఎండాకాలం గంజాం తీరం వైపు పొద్దున్న తొమ్మిది దాటితే నేల కాలిపోతుంది. తెల్లవారుజామున గానీ సూర్యాస్తమయం తర్వాత గానీ కూర్చోండి. కొరాపుట్ పీఠభూమి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ చలికాలంలో లెక్క తిరగబడుతుంది. మంచు విడిచి ఎండ బాగా పడ్డాక గానీ చాలా చీమలు బయటికి రావు.

ఏమేం సామాన్లు కావాలి?

పది రెట్లు పెద్దదిగా చూపించే చిన్న భూతద్దం, ఫోనుకు తగిలించే మాక్రో లెన్సు, మెత్తటి పెయింటింగ్ కుంచె, మూత బిగుతుగా పట్టే చిన్న ప్లాస్టిక్ గొట్టాలు, తెల్లటి పళ్ళెం, పెన్సిలు, నోట్‌బుక్కు. ఆకుల చెత్తను పళ్ళెంలో దులిపితే అంతవరకూ కంటికి కనబడని చిన్న చీమలు తెల్లటి నేపథ్యంలో తేలతాయి.

పురుగుల్ని నోటితో పీల్చి సీసాలోకి లాగే గొట్టం ఒకటి అమ్ముతారు. చీమల కోసం దాన్ని వాడొద్దనే నా సలహా. చెట్ల మీది ఎర్రచీమలు, గండుచీమలు బెదిరినప్పుడు చిమ్మే ఫార్మిక్ ఆమ్లం ఆవిరి నేరుగా మీ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడిపిన కుంచె కొసతో అంటిస్తే చీమకూ మీకూ దెబ్బ తగలదు.

మన వైపు ముందుగా గుర్తుపట్టగలిగే చీమలు ఏవి?

గండుచీమ నుంచి మొదలుపెట్టండి. నల్లగా, పెద్దగా, చెట్టు మొదట్లో మట్టిలో గూడు కట్టుకుని ఉంటుంది. శాస్త్రీయ నామం కాంపోనోటస్ కంప్రెసస్. ఒకే గూట్లో చిన్న తల పనిచీమలు, పెద్ద తల పనిచీమలు రెండూ ఉంటాయి. చిక్కుడు పాదు మీద పేనుబంక పట్టిందంటే వీటిని అక్కడ వెతకండి. పేనుబంక పురుగు వీపు మీద మీసాలతో తట్టి, అది విడిచే తీపి చుక్కను తాగే తీరు భూతద్దంలో చూడాల్సిన దృశ్యం.

గోడ మీద దిక్కుతోచనట్టు అడ్డదిడ్డంగా పరుగెత్తే పొడుగు కాళ్ళ నల్లచీమ పారాట్రెకినా లాంగికార్నిస్. వంటింటి గట్టు మీద తల నల్లగా, వెనక భాగం దాదాపు పారదర్శకంగా ఉండే అతి చిన్నది టాపినోమా మెలనోసెఫాలం.

పొలం గట్టున ఒక కన్నం చుట్టూ గడ్డిగింజల పొట్టు గుండ్రంగా పోగుపడి ఉంటే అది గింజలు కూడబెట్టే చీమల గూడు. ట్రైకోమిర్మెక్స్ స్కాబ్రిసెప్స్ మన దేశంలో బాగా కనబడే అలాంటి రకం. లోపల గింజల్ని ఒలిచి, పొట్టు తెచ్చి బయట పోస్తాయి. ఆ పొట్టు చూసి చుట్టుపక్కల ఏ గడ్డి గింజ కట్టిందో చెప్పొచ్చు.

డయకమ్మా అనే చీమ దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను. నల్లగా, ఒళ్ళంతా సన్నటి గీతలతో, ఒంటరిగా వేటాడుతుంది. వీటికి రెక్కల రాణి ఉండదు. పనిచీమల్లోనే ఒకటి మగచీమతో జతకట్టి గుడ్లు పెడుతుంది. గూడు మారేటప్పుడు దారి తెలిసిన చీమ ఇంకొకదాన్ని వెంటబెట్టుకుని నడుస్తుంది. వెనకది తన మీసాలతో ముందుదాన్ని తాకుతూ వస్తుంది, తాకడం ఆగితే ముందుది నిలబడి ఎదురుచూస్తుంది. కోల్‌కతా దగ్గరి ఐసర్ అనే విజ్ఞాన శాస్త్ర విద్యా పరిశోధన సంస్థలో ఈ నడక మీద ఏళ్ళ తరబడి పరిశోధన జరుగుతోంది. డయకమ్మా గూటి కన్నం చుట్టూ పక్షి ఈకలు, ఎండుపుల్లలు పేర్చి కనబడితే వాటిని కదపకండి. ఎండిన రోజుల్లో ఆ ఈకల మీద చేరిన మంచు బిందువుల్ని చీమలు తాగుతాయని మన దేశంలో చేసిన పరిశీలనతో 1985లో ప్రచురించారు. చలికాలం తెల్లవారుజామున వెళ్తే మీరూ చూడొచ్చు.

ఇంకా నాలుగు పేర్లు. వెనక భాగం హృదయాకారంలో ఉండి, బెదిరిస్తే దాన్ని వీపు మీదికి ఎత్తేది క్రెమటోగాస్టర్. చెట్టు కొమ్మన గోధుమరంగు బంతి కనబడితే వాటి గూడు కావచ్చు, ఒక రకం వడ్రంగిపిట్ట అందులోనే తొర్ర చేసుకుని గుడ్లు పెడుతుంది. ముట్టుకోగానే కాళ్ళు ముడుచుకుని చచ్చినట్టు పడిపోయే బొద్దు చీమ మెరనోప్లస్. వరుసకట్టి చెదల మీద దండెత్తే నల్లచీమ లెప్టోజెనిస్ ప్రొసెషనాలిస్. కేరెబారా డైవర్సాలో అయితే ఒకే తల్లి పిల్లల మధ్య తేడా నమ్మలేం. అతి పెద్ద పనిచీమ బరువు అతి చిన్నదాని బరువుకు సుమారు 500 రెట్లు ఉంటుంది.

మామిడి, జీడిమామిడి చెట్ల మీద ఆకులు కుట్టుకునే ఎర్రచీమల సంగతి?

వాటి పేరు ఈకోఫిల్లా స్మరాగ్డినా. ఒడియాలో కాయి పింపుడి అంటారు. గజపతి, గంజాం జిల్లాల జీడిమామిడి తోటల్లో వెతకనక్కర్లేకుండా దొరుకుతాయి.

గూడు కట్టే పని చూడటం అదృష్టం. ఒక ఆకు అంచును పనిచీమలు వరుసగా నిలబడి పళ్ళతో పట్టుకుని, ఇంకో ఆకు అంచుకేసి లాగుతాయి. దూరం ఎక్కువైతే ఒకదాని నడుం ఇంకొకటి పట్టుకుని గొలుసు కడతాయి. అంచులు కలిశాక కొన్ని చీమలు బాగా ఎదిగిన లార్వాల్ని (గుడ్డు నుంచి వచ్చిన పురుగులాంటి పిల్లల్ని) నోట కరుచుకుని వస్తాయి. లార్వా పట్టుదారం విడుస్తుంటే దాన్ని జిగురు గొట్టంలా ఈ అంచుకీ ఆ అంచుకీ తాకిస్తూ కుడతాయి. తమ పట్టు అంతా గూటికే ఇచ్చేసే ఈ లార్వాలు తమకంటూ పట్టుకాయ కట్టుకోవు. ఒకే కుటుంబం చాలా గూళ్ళలో, పక్కపక్కనున్న అనేక చెట్ల మీద విస్తరించి ఉంటుంది. రాణి మాత్రం వాటిలో ఒక్కదాంట్లోనే ఉంటుంది. అందుకే ఒక గూడు కోసి ఇంటికి తెస్తే రాణి దొరకదు, కుటుంబమూ నిలవదు. వీటిని పెంచాలని చూడొద్దు, చెట్టు మీదే చూడండి.

రైతులకు వీటివల్ల లాభం ఉంది. జీడిమామిడి లేత చిగుళ్ళను పీల్చేసే టీ దోమ అనే పురుగును ఇవి వేటాడి తింటాయి. చైనాలో నారింజ తోటల్లో పురుగుల నివారణకు ఈ చీమల గూళ్ళు సంతలో కొని చెట్లకు కట్టేవారని క్రీ.శ. 304 నాటిదిగా చెప్పే రచనలోనే ఉంది. అయితే ఇవి తీపి కోసం పిండినల్లిని, పొలుసు పురుగుల్ని కాపలా కాస్తాయి కూడా. కాయలు కోసే కూలీలకు వీటి కాటు తప్పదు. ఈ రెండూ దృష్టిలో పెట్టుకున్నా, తోటలో మందు కొట్టి వీటిని చంపేయడం నష్టమనే నేను అనుకుంటాను.

గిరిజనులు వీటిని తింటారంటారు, నిజమేనా?

నిజమే. ఎర్రచీమల్ని, వాటి లార్వాలతో, ప్యూపాలతో (లార్వా చీమగా మారే దశలో ఉన్నవాటితో) కలిపి మిరప, వెల్లుల్లి, అల్లం, ఉప్పు వేసి నూరి పచ్చడి చేస్తారు. పుల్లదనం ఫార్మిక్ ఆమ్లం వల్ల వస్తుంది. మయూర్‌భంజ్ జిల్లా సిమిలీపాల్ కాయి చట్నీకి 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇదే ఆహారం బస్తర్ వైపు చాప్డా పేరుతో సంతల్లో దొరుకుతుంది. గూళ్ళు కోసేవాళ్ళకు ఏ చెట్టు మీద ఎప్పుడు కోయాలో, మళ్ళీ ఎప్పుడు తిరిగి రావాలో తరాలుగా తెలుసు. వాళ్ళతో మాట్లాడే అవకాశం వస్తే వినండి, రాసుకోండి. అనుమతి అడక్కుండా ఫొటో తీయకండి.

ఏవి కుడతాయి? ప్రమాదం ఉందా?

గండుచీమ, ఆకుల గూటి ఎర్రచీమ కుట్టవు, కరుస్తాయి. కరిచిన చోట ఆమ్లం చిమ్మడం వల్ల మంట పుడుతుంది, కాసేపట్లో తగ్గిపోతుంది. కంట్లో పడకుండా చూసుకోవాలి.

ముల్లుతో కుట్టేవి వేరే. నేలమీద చిన్న మట్టికుప్పలు వేసే ఎరుపు గోధుమరంగు సోలెనాప్సిస్ జెమినాటా ఒకటి. అమెరికా ఖండాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన రకం ఇది, తెలియక కుప్ప మీద కాలు పెడితే పదుల సంఖ్యలో ఎక్కేస్తాయి. డయకమ్మా, లెప్టోజెనిస్ కూడా కుడతాయి. నేను అందరికంటే ఎక్కువ జాగ్రత్త చెప్పేది టెట్రాపోనెరా రుఫోనైగ్రా గురించి. చెట్ల బోదెల మీద ఒంటరిగా తిరుగుతుంది, సన్నగా పొడుగ్గా ఉంటుంది. తల, వెనక భాగం నలుపు, నడుమ భాగం ఎరుపు. దాని కుట్టు చాలా నొప్పి. కొంతమందికి ఒళ్ళంతా అలర్జీ వస్తుంది.

కుట్టిన చోట సబ్బుతో కడిగి, చల్లటి గుడ్డ పెట్టండి. పెదాలు, ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా, కళ్ళు తిరిగినా ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకండి. వెంటనే 108కి ఫోను చేసి ఆసుపత్రికి వెళ్ళండి. కందిరీగ, తేనెటీగ కుట్టినప్పుడు ఇంతకుముందు అలా అయినవాళ్ళు చీమల్ని చేత్తో పట్టుకోకపోవడమే మంచిది.

చీమకీ చెదకీ తేడా ఎలా?

చీమకు నడుం సన్నగా ఉంటుంది, మీసం మోచేతి దగ్గర వంగినట్టు వంగుతుంది. చెదకు నడుం ఉండదు, మీసం తిన్నగా పూసలదండలా ఉంటుంది. వానకు దీపం చుట్టూ ముసిరే ఉసిళ్ళు చెదల రాజులు, రాణులు. వాటి నాలుగు రెక్కలూ ఒకే పొడవు. రెక్కల చీమకు ముందు జత పెద్దది, వెనక జత చిన్నది. చుట్టరికం చూస్తే చీమలు కందిరీగలకు దగ్గర, చెదలు బొద్దింకలకు దగ్గర. మనం పుట్టలని పిలిచే ఎత్తైన మట్టి దిబ్బలు చెదలు కట్టినవే, ఖాళీ అయినవాటిలో చీమలు కాపురం పెడతాయి.

చీమలు గుడ్లు మోసుకుపోతే వాన వస్తుందంటారు. నమ్మొచ్చా?

గూట్లోకి నీరు చేరినా, తేమ పెరిగినా పిల్లల్ని పొడి చోటికి తరలించడం నిజంగా జరిగేదే. కానీ గూటిని ఎవరో కదిపినా, వేడి ఎక్కువైనా, శత్రువు చీమలు దాడి చేసినా ఇదే జరుగుతుంది. నోట కరుచుకుని పోయే తెల్లటి గింజలు గుడ్లు కావు, ఎక్కువగా లార్వాలు, ప్యూపాలు. అసలు గుడ్లు చుక్కంత చిన్నవి. మీ ఊళ్ళో ఈ నమ్మకాన్ని పరీక్షించడం సులువు. చీమలు తరలిపోయిన రోజు, వాన పడిన రోజు ఒక క్యాలెండరు మీద గుర్తుపెట్టుకుంటూ పోండి. రెండు వానాకాలాలు గడిచేసరికి మీ జవాబు మీకే వస్తుంది.

రాణి చీమను పట్టి పెంచుకోవచ్చా?

జూన్‌లో తొలకరి పడ్డాక వీధి దీపాల కింద రెక్కల చీమలు రాలతాయి. జతకట్టిన రాణి నేల మీదికి దిగి రెక్కలు విరుచుకుంటుంది, మగచీమ కొద్దిరోజుల్లో చచ్చిపోతుంది. రెక్కలు ఊడిపోయి నేలమీద చోటు వెతుక్కుంటూ నడిచే లావుపాటి గండుచీమ రాణి దొరికితే కొత్తవాళ్ళకు అదే మంచి ఆరంభం.

పరీక్షనాళికలో మూడోవంతు నీళ్ళు పోసి, దూది గట్టిగా దూర్చి నీటిని ఆపండి. రాణిని వేసి, గాలి ఆడేలా ఇంకో దూది ఉండ పెట్టి, చీకటి సొరుగులో ఉంచండి. తిండి పెట్టొద్దు. గండుచీమ రాణి తన రెక్కల కండరాల్నే కరిగించుకుని మొదటి పిల్లల్ని సాకుతుంది. రోజూ తీసి చూస్తే గుడ్లు తినేస్తుంది, వారానికోసారి చాలు. ఒకటి రెండు నెలల్లో మొదటి పనిచీమలు వస్తాయి, అవి మామూలువాటి కంటే చిన్నగా ఉంటాయి. అప్పటినుంచి చక్కెర నీటి చుక్క, చంపిన చిన్న పురుగు ఇవ్వండి.

ముందుగా ఒక విషయం తేల్చుకోండి. గండుచీమ రాణి ఏళ్ళ తరబడి బతుకుతుంది. అంతకాలం చూసుకోలేమనిపిస్తే పట్టకండి. పట్టినదాన్ని వదలాలంటే పట్టిన చోటే వదలండి. పర్లాకిమిడిలో పట్టింది విశాఖలో వదిలితే అక్కడి చీమలకు కొత్త జబ్బులు అంటుకోవచ్చు. రాణి కోసం గూడు తవ్వడం అసలే వద్దు. ఒక్క రాణి ఉన్న కుటుంబంలో దాన్ని తీసేస్తే మిగిలిన వేల చీమలు మెల్లగా అంతరించిపోతాయి.

నమూనాలు దాచిపెట్టాలంటే?

ఒక గూటి నుంచి నాలుగైదు పనిచీమలు చాలు, పెద్ద తలవి ఉంటే వాటిలోంచి ఒకటి. 70 శాతానికి తగ్గని ఇథనాల్ అనే ఆల్కహాల్‌లో వేయండి. డీఎన్ఏ పరీక్షకు పంపే ఉద్దేశం ఉంటే 95 శాతం. చీటీ పెన్సిలుతో రాసి సీసా లోపల వేయాలి, పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. ఊరు, మండలం లేదా బ్లాకు, జిల్లా, అక్షాంశ రేఖాంశాలు, ఎత్తు, తేదీ, మీ పేరు, ఏ చెట్టు మీద లేదా ఎలాంటి నేలలో దొరికింది అన్నీ ఉండాలి. చీటీ లేని చీమ ఎంత అరుదైనదైనా ఎవరికీ పనికిరాదు. నేలలో గ్లాసు పాతి రాత్రంతా వదిలేసే పద్ధతిలో సాలీళ్ళు, తేళ్ళు, చిన్న కప్పలు కూడా పడి చస్తాయి. హాబీ కోసం అది అక్కర్లేదు.

పేరు ఎలా తేల్చుకోవాలి?

మూడు ఫొటోలు తీయండి: పక్కనుంచి, పైనుంచి, ముఖం ఎదురుగా. పక్క ఫొటోలో నడుం మీద ముడి ఒకటా రెండా అన్నది మొదటి మెట్టు. గండుచీమకు ఒకటే, గింజల చీమకు రెండు. తర్వాత వీపు మీద ముళ్ళు, కళ్ళ పరిమాణం, మీసంలో ఎన్ని కణుపులు. ఐనాచురలిస్ట్ అనే వెబ్‌సైట్‌లో పెడితే తెలిసినవాళ్ళు చూసి చెబుతారు. చాలాసార్లు ప్రజాతి వరకే తేలుతుంది. అక్కడ ఆగండి, ఊహించి జాతి పేరు రాయకండి.

చట్టం ఏమంటుంది?

అభయారణ్యాలు, జాతీయ పార్కుల్లో రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి అనుమతి లేకుండా ఏ జీవినీ తీయకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అది. గజపతి జిల్లాలోని లఖారి లోయ అభయారణ్యానికి ఇది వర్తిస్తుంది. రిజర్వు అడవిలోకి కూడా అటవీ శాఖను అడిగే వెళ్ళండి. నమూనాలు విదేశాలకు పంపడం 2002 నాటి జీవవైవిధ్య చట్టం పరిధిలోకి వస్తుంది.

రాణి చీమల్ని ఆన్‌లైన్‌లో కొనడం, అమ్మడం చేయొద్దు. 2025లో కెన్యాలో ఇద్దరు బెల్జియం కుర్రాళ్ళు సుమారు 5,000 రాణి చీమల్ని గొట్టాల్లో పెట్టుకుని దొరికారు. ఒక్కొక్కరికి పది లక్షల కెన్యా షిల్లింగుల జరిమానా, లేదంటే ఏడాది జైలు అని కోర్టు తీర్పిచ్చింది.

కొండల మీదికి వెళ్ళాలంటే?

మహేంద్రగిరి 1,501 మీటర్లు, కొరాపుట్ జిల్లా దేవమాలి 1,672 మీటర్లు. కింది నుంచి పైకి ఎక్కుతూ ప్రతి రెండు వందల మీటర్లకు ఒకసారి ఆగి అదే బెల్లం, అదే చేపముక్క పెట్టి చూస్తే చీమల రకాలు ఎలా మారతాయో తెలుస్తుంది. ఒక రోజులో చేయగలిగిన మంచి పని ఇది. పొడుగు చేతుల చొక్కా, బూట్లు వేసుకోండి. దక్షిణ ఒడిశా జిల్లాల్లో మలేరియా ఉంది, సాయంత్రం దాకా ఉండేట్టయితే దోమల మందు రాసుకోండి. రాళ్ళు తిప్పితే మీ వైపుకు ఎత్తి చూడండి, కింద పాము ఉంటే అటు పోతుంది. చూశాక రాయి ఉన్న చోటే పెట్టేయండి.

గూళ్ళు గోళ్ళతో తవ్వేసినట్టు కనబడితే అది ఎలుగుబంటి గానీ అలుగు (ఒళ్ళంతా పొలుసులుండి చీమల్ని తినే జంతువు) గానీ చేసిన పని కావచ్చు. ఎలుగు అనుమానం ఉంటే వెంటనే వెనక్కి తిరగండి. అలుగు కనబడితే అటవీ శాఖకు మాత్రమే చెప్పండి, స్థలం ఎక్కడా ప్రచురించకండి. వేటగాళ్ళ వల్ల అలుగులు ఇప్పటికే ముప్పులో ఉన్నాయి.

ఇంట్లో చీమలకు చాక్‌పీసు గీత గీయొచ్చా?

అందులో పురుగుమందు ఉంటుంది. చంటిపిల్లలు పాకే నేల మీద గీయకండి. తిండి గట్టిగా మూతపెట్టి, చీమల దారిని సబ్బునీళ్ళతో తుడిస్తే వాసన పోయి వరుస చెదురుతుంది.

ఎర్రచీమల మధ్య ఒకటి దారం పట్టుకుని వేలాడింది. ఏమిటది?

చీమ వేషంలో ఉన్న సాలీడు, మైర్మప్లాటా ప్లాటలియాయిడిస్. రంగు, పరిమాణం, నడక అన్నీ ఎర్రచీమవే. ముందు కాళ్ళ జతను గాలిలో ఎత్తి మీసాల్లా ఆడిస్తుంది. మగదానికి దవడలు చాలా పొడుగ్గా ముందుకు సాగి ఉంటాయి, దూరంనుంచి ఒక చీమ ఇంకో చీమను మోస్తున్నట్టు కనబడుతుంది. చీమలకు దగ్గర్లోనే బతికినా వాటిని తాకకుండా తప్పించుకు తిరుగుతుంది. కాళ్ళు లెక్కపెట్టండి, ఎనిమిది ఉంటే అదే. జీడిమామిడి ఆకుల అడుగుభాగం, సన్నటి పట్టు పొర కింద వెతికితే దాని గూడు కూడా దొరుకుతుంది.